పండ్ల డాక్టరు గురువారాలు

ఇబ్రహీంపట్నం చూడటానికని ఎవరూ వెళ్లరు. హైదరాబాదు నుంచి నాగార్జునసాగర్ పోయేవాళ్లు అక్కడ కాసేపు ఆగి, చాయ్ తాగి, మళ్లీ కారెక్కుతారు. నేను మాత్రం పనిగట్టుకుని అమలాపురం నుంచి వెళ్లి నాలుగు రోజులు ఉండొచ్చాను. నిజానికి వెళ్లింది పరామర్శకి. పరామర్శకని వెళ్లినది బస్సులెక్కి, గుట్టలెక్కి, చెప్పు తెగ్గొట్టుకుని, సీతాఫలాల సంచితో దిగిందని మా వీధిలో ఇప్పటికీ నవ్వుకుంటున్నారు. నవ్వుకోనివ్వండి. అటువైపు వెళ్లని వాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

పోయినవాడు యాదగిరి. హైదరాబాదులో దంతవైద్యం చదివేటప్పుడు నా క్లాసుమేటు. మేమంతా పన్ను బొమ్మలు గీస్తూ కూర్చుంటే అతను కిటికీలోంచి గద్దల్ని చూస్తూ కూర్చునేవాడు. అయినా పరీక్షల్లో నాకంటే ఎక్కువ మార్కులే తెచ్చుకునేవాడు, ఆ కోపం నాకు కొన్నేళ్లు ఉంది. చదువయ్యాక సిటీలో ఉండమని అందరూ చెప్పినా వినకుండా ఇబ్రహీంపట్నం బస్‌స్టాండు వెనక ఒక గదిలో కుర్చీ వేసుకున్నాడు. ఎందుకంటే, అక్కణ్నుంచి గుట్టలు దగ్గర అన్నాడు.

వారంలో ఆరు రోజులు పళ్లు పీకేవాడు, పళ్లని అక్కడ పండ్లంటారు. గురువారం తాళం వేసి గుట్టలెంట తిరిగేవాడు. ఎండాకాలం బావుల్లో ఈదేవాడు, చలికాలం బండల మీద వెల్లకిలా పడుకునేవాడు. గురువారం పన్ను నొప్పి వచ్చినవాళ్లు లవంగం కొరుక్కుంటూ శుక్రవారం దాకా ఆగేవాళ్లట. మా ఊళ్లో నేనలా తాళం వేస్తే శుక్రవారానికి నా పేషెంట్లందరూ పక్కవీధి డాక్టరు దగ్గర కూర్చుని ఉంటారు. ఇన్నేళ్లూ మేం ఫోన్లో మాట్లాడుకుంటూనే ఉన్నాం. తిరగబడిన జ్ఞానదంతం వస్తే నేను అతన్ని అడిగేదాన్ని, గుట్ట మీద కొత్త పిట్ట కనిపిస్తే అతను నాకు చెప్పేవాడు. నాకు కాకికీ కోకిలకీ మించి తేడా తెలీదని తెలిసి కూడా చెప్పేవాడు.

ఒకరోజు పొద్దున చొక్కా వేసుకుంటూ కూలిపోయాడు. అప్పుడు నేను జ్వరంతో మంచం మీద ఉన్నాను. వెళ్లేసరికి మూడు వారాలు దాటింది.

ఇబ్రహీంపట్నం

యాదగిరి భార్య విజయని నేను అంతకుముందు రెండుసార్లే చూశాను. నన్ను సుభద్రక్కా అని పిలుస్తుంది. మంచి ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి. తలుపు తీసిన మనిషి మాత్రం చీరలో సగమే ఉంది. నాకు జొన్నరొట్టెలు, చిక్కుడుకాయ కూర, పచ్చిపులుసు పెట్టింది. పచ్చిపులుసంటే చారు కాదు. కాచకుండా, చింతపండు రసంలో ఉల్లిపాయలు పిసికి చేస్తారు. మా ఇంట్లో అలా పెడితే పొయ్యి వెలగలేదా అని అడుగుతారు. నేను మూడు రొట్టెలు తిన్నాను. ఆమె ఒక రొట్టె ముక్కని ముందు పెట్టుకుని తుంచి తుంచి పళ్లెంలోనే వదిలేసింది.

ఎందుకని అడిగాను. పిట్ట ముట్టలేదు అంది.

ఇది కొంచెం చెప్పాలి. మా కోనసీమలో కాకికి పిండం పెట్టడం నాకు తెలుసు, అన్నం, నువ్వులు, అంతే. ఇక్కడ దాన్ని పిట్టకు పెట్టుడు అంటారు. పోయినవాడికి ఏది ఇష్టమో అదంతా విస్తట్లో పెడతారు. మాంసం, తలకాయ కూర, కల్లు, తాగేవాడైతే బీడీ కట్ట, దానికి తోడు అగ్గిపెట్టె. మొదటిసారి విని నేను కళ్లు తేలేశాను. తర్వాత ఆలోచిస్తే, పోయినవాణ్ని మనిషిగా గుర్తుపెట్టుకోవడం ఇదేనేమో అనిపించింది. కాకి వచ్చి ముడితే తృప్తిగా పోయినట్టు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిపోయినట్టు. అప్పుడు ఇంటివాళ్లు ఒక్కొక్కరే ముందుకొచ్చి, నీ భూమి అమ్మంలే, నీ అమ్మని చూసుకుంటాంలే అని పోయినవాడికి మాట ఇస్తారు. పిట్ట ముట్టేదాకా ఇంట్లో ఎవరూ అన్నం తినరు.

యాదగిరి పదకొండో రోజున కాకి వచ్చిందట, పిట్టగోడ మీద కూర్చుందట, విస్తరి వంక చూసి వెళ్లిపోయిందట. ఎవరెన్ని మాటలిచ్చినా రాలేదు. పొద్దు వాలాక యాదగిరి అన్న లక్ష్మయ్య ఆ విస్తట్లో అన్నం మట్టుకు తీసి ఆవుకి పెట్టేసి, అందరూ తినండని చెప్పాడు. ఆ కోరిక ఏమిటో బంధువులు ఎవరూ పైకి అనలేదు, అందరూ విజయ వంక చూశారు.

అంతకు ఏడాది ముందు యాదగిరి గుండెకి స్టెంటు వేశారు. ఇంటికి రాగానే విజయ అతని చెయ్యి లాగి తన తల మీద పెట్టుకుని, ఇక గుట్టలెక్కనని ఒట్టు వేయించింది. అతను వేశాడు. గురువారాలు ఊరికే ఉండలేను, నాదర్‌గుల్‌లో కొత్త కాలనీలో ఒక కుర్ర డాక్టరు క్లినిక్ పెట్టాడు, అక్కడ కూర్చుంటాను అన్నాడు. ఆమె సంతోషించింది. ఫ్యాను కింద నీడపట్టున ఉంటాడు, అంతకంటే ఏం కావాలి. ప్రతి గురువారం టిఫిన్ డబ్బా కట్టి ఇచ్చింది.

"నేనే ఎక్కనియ్యలే అక్కా. గా కోరికనే మిగిలింది. మూడొద్దులైతే నెల మాసికం. మళ్ల పిట్టకు పెట్టాలె. గప్పుడు గూడ ముట్టకపోతే నేనెట్ల బతకాలె?"

ఇవన్నీ నమ్ముతావా అని అడగబోయి మానుకున్నాను. నమ్మకపోతే ఆ మనిషి అలా అయిపోదు.

సాయంత్రం ఆమెని బలవంతంగా బయటికి తీసుకెళ్లాను. పెద్ద చెరువు కట్ట మీద నడిచాం. పేరుకే చెరువు. ఎన్నేళ్లుగానో నీళ్లు లేక లోపలంతా తుమ్మచెట్లు, మేకలు. కాలవ గట్టున పుట్టిన నాకు, కట్ట అంత పొడుగుండి నీళ్లు లేని చెరువు చూస్తే గొంతు ఎండిపోయింది. కట్ట మీద ఎదురైన వాళ్లంతా విజయని గుర్తుపట్టి ఆగారు. ఆ ఊరివాళ్ల పరామర్శ పద్ధతి నేను ఇంకెక్కడా చూడలేదు. దగ్గరికొచ్చి, వేలితో పెదవి పక్కకి లాగి, యాదగిరి పీకిన చోటో, కట్టిన పన్నో చూపిస్తారు. ఒక్క మాట ఉండదు. చూపించి, తల ఊపి వెళ్లిపోతారు. నేను కూడా డాక్టర్నని తెలిశాక నా ముందు ఇంకాస్త పెద్దగా తెరిచారు. పని మాత్రం శుభ్రంగా ఉంది. అతనికి మార్కులు ఊరికే రాలేదు.

నాదర్‌గుల్

రెండో రోజు నాదర్‌గుల్ వెళ్లాం. ఆ క్లినిక్‌లో యాదగిరి పట్టకార్లు, కుర్చీ దిండు ఉండిపోయాయని, తెచ్చేసుకుందామని విజయ అంది. దారి పొడుగునా పొలాల్లో తెల్ల రాళ్లు పాతేశారు. కొన్నిచోట్ల కంది చేను, రాళ్లు రెండూ ఉన్నాయి. రంగురంగుల జెండాలు, కమానులు, లోపల మాత్రం మట్టి. విదేశాల ఊర్ల పేర్లు పెట్టుకున్న ఆ కాలనీల్లో మేకలు తప్ప ఎవరూ దిగలేదు. కొత్త విమానాశ్రయం వస్తోందనీ, ఊళ్ల చుట్టూ పెద్ద రోడ్డు పడుతోందనీ బస్సులో అందరిదీ గజాల లెక్కే. మా వైపు భూమిని ఎకరాల్లోనూ కుంచాల్లోనూ చెప్తాం, గజం అన్న మాట చీర కొనేటప్పుడే వింటాం.

నాదర్‌గుల్‌లో నెత్తి మీదుగా చిన్న విమానాలు తిరుగుతూ ఉంటాయి. నడపడం నేర్చుకునే పిల్లలవి. ఒకటి మరీ కిందికొస్తే నేను గబుక్కున వంగి కూర్చున్నాను. పక్కన కూరగాయలమ్మే ఆవిడ, "ఏం కాదు, అవి రోజు గంతే," అని నాకు ఒక టమాటా తినమని ఇచ్చింది.

క్లినిక్ అద్దాల తలుపుతో బాగుంది. కుర్ర డాక్టరు లేచి నిలబడి, మమ్మల్ని కూర్చోబెట్టి చాయ్ తెప్పించాడు. మంచి పిల్లాడు. పట్టకార్ల సంగతి అడిగితే మొహం ఇబ్బందిగా పెట్టాడు. సార్ మొదట్లో మూడు నాలుగు వారాలు వచ్చారని, తర్వాత రాలేదని, వేరే పని ఉందన్నారని చెప్పాడు. ఆరోగ్యం బాగాలేదేమో అని తనే ఫోన్ చేస్తే, మంచిగున్న, నువ్వు ఫికర్ చెయ్యకు అన్నారట. దిండు మాత్రం లోపలినుంచి తెచ్చి ఇచ్చాడు.

విజయ ఆ దిండు ఒళ్లో పెట్టుకుని బస్టాపులో కూర్చుంది.  తర్వాత నా వైపు చూడకుండానే అడిగింది.

"ఏడాది సంది డబ్బ కట్టిచ్చిన. కడుక్కొని ఖాళీ డబ్బ తెస్తుండె. యాడికి పోయిండక్కా? ఇంకో ఇల్లు గిట్ట ఉండెనా? నీకు తెల్సా?"

నాకు తెలీదు. తెలిస్తే బాగుండేది. యాదగిరికి కొండముచ్చులతో తప్ప ఎవరితోనూ అంత పరిచయం పెంచుకునే ఓపిక లేదమ్మా అన్నాను. ఆమె నవ్వలేదు. నవ్వించడానికి అది సమయం కాదని నాకూ అర్థమైంది. నిన్నటిదాకా ఆమెకి ఒక్క బాధ ఉంది, నేను తోడొచ్చి రెండోది తగిలించాను.

రావిర్యాల

తిరుగు బస్సు ఎంతకీ రాలేదు. ఒక తెల్ల వ్యాను ఆగింది. టై కట్టుకున్న కుర్రాడు దిగి, మేడం, రావిర్యాలలో మా వెంచర్ చూడండి, వెళ్లడం రావడం ఫ్రీ, భోజనం ఫ్రీ అన్నాడు. నేను వద్దనేలోపు విజయ లేచి ఎక్కేసింది. అక్కడినుంచి ఇబ్రహీంపట్నం దగ్గరట. అంత దుఃఖంలోనూ లెక్క తప్పలేదు ఆమెకి. వ్యానులో మాతోపాటు ఉన్న భార్యాభర్తలు పాపం నిజంగానే కొనడానికి వచ్చారు, దారంతా మమ్మల్ని ఎన్ని ప్లాట్లు తీసుకుంటున్నారని అడుగుతూనే ఉన్నారు. నేను ఆలోచిస్తున్నామని చెప్పాను, అబద్ధం కాదు.

రావిర్యాలలో షామియానా కింద బిర్యానీ పొట్లాలు పంచారు. అన్నం బాగుంది, ముక్క ఎముకే. టై కుర్రాడు కర్రతో నేల మీద గీతలు గీసి, ఇక్కడ పార్కు, ఇక్కడ ఈతకొలను అని చూపించాడు. ఈతకొలను చోట ఆముదం చెట్టు ఉంది. గేటు దగ్గర ఖాకీ చొక్కా వేసుకున్న కాపలా మనిషి మా దగ్గరికొచ్చాడు. విజయని చూసి నోరు తెరిచి పెదవి లాగాడు. కింది దవడలో దంతం తీసిన చోటు.

పేరు జంగయ్య. మంచాల వైపు ఊరట. ఉన్న భూమి అమ్మేసి, అలాంటి భూములకే కాపలా ఉంటున్నాడు. బాధగా చెప్పలేదు, నెల నెలా జీతం వస్తుంది, వాన కోసం మొగులు చూసే పని లేదు అన్నాడు. అతని సెలవు గురువారం. ఇంటికి పోయే బస్సులో ప్రతి గురువారం సార్‌ని చూసేవాణ్నని చెప్పాడు.

విజయ చేతిలో పొట్లం పక్కన పెట్టింది. "ఎప్పటి సంది?"

"మస్తు ఏండ్ల సంది అక్కా."

"ఈ ఏడు?"

"ఈ ఏడు గూడ వచ్చిండు. పోయిన నెలల గూడ వచ్చిండు. మంచాల దాటినంక మలుపు కాడ దిగి, బాలమ్మ చెల్కల నుంచి గుట్టకు పోతుండె."

చెల్క అంటే ఎర్రనేల మెట్ట పొలం. జంగయ్య ఏదో మంచి మాట చెప్పినట్టే చెప్పాడు. విజయ మొహం ఎర్రబడింది. నాకు మాత్రం ప్రాణం లేచొచ్చింది. రెండో ఇల్లు లేదు, గుట్టే. ఆ మాట అంటే ఆమె నా మీద విరుచుకుపడింది. తల మీద చెయ్యి పెట్టి ఒట్టేసి తప్పాడంటే తన తల అతనికి ఏమైనా ఫరవాలేదన్నమాటే కదా అంది. ఒట్టు తప్పితే ఎవరి మీద వేశారో వాళ్లకి తగులుతుందని మా వైపూ అంటారు. ఆ రాత్రి ఆమె ఆ ముక్క రొట్టె కూడా ముట్టలేదు.

మంచాల

మూడో రోజు మంచాల బస్సెక్కాం. వెళ్దామని ఆమే అంది. నాకు మోకాళ్ల నొప్పి, ఆమెకి మూడు వారాల పస్తు, ఇద్దరం కలిపి ఒక మనిషి పెట్టు లేం. బస్సు నిండా సీతాఫలాల గంపలు. గుట్టల మీద వాటంతటవే కాస్తాయి, తెంపుకున్నవాళ్లవి. గంప పక్కన కూర్చున్న ఆమె ధర అడిగితే, అమలాపురంలో నాలుగు కాయలకి అయ్యే డబ్బుకి సంచి నింపింది. మేము కొబ్బరికాయలు పంచినట్టే వీళ్లు సీతాఫలాలు పంచుతారు.

మలుపు దగ్గర దిగి బాట పట్టాం. ఎడం పక్క కంది, కుడి పక్క ఆముదం, ఎదురుగా గుట్ట. మా వైపు కొండంటే చెట్లతో పచ్చగా ఉంటుంది. ఇక్కడ బండల మీద బండలు, ఏది ఎప్పుడు దొర్లుతుందో అన్నట్టుంటాయి, ఎన్ని యుగాలైనా దొర్లవు. పల్లేరుకాయలు నా చీర అంచు పొడుగునా అంటుకున్నాయి. తుమ్మముల్లు చెప్పులోంచి దిగితే ఒంటికాలి మీద గెంతాను, గెంతుడుకి చెప్పు వారు తెగింది. విజయ వెనక్కి తిరిగి చూడలేదు.

బాలమ్మ చేలో కలుపు తీస్తోంది. అరవై దాటి ఉంటాయి, నోట్లో పళ్లన్నీ ఉన్నాయి. విజయ తను ఫలానా అని చెప్పగానే కొడవలి కింద పెట్టి, చేతులు కొంగుకి తుడుచుకుని వచ్చి కౌగిలించుకుంది. సార్ పోయిన సంగతి జంగయ్య చెప్పాడట, రావాలనుకుని తోడు లేక రాలేకపోయిందట. నా కాలు చూసి తన హవాయి చెప్పులు ఇచ్చింది. నాకు రెండు వేళ్లు చిన్నవయ్యాయి, ఆమె ఒట్టి కాళ్లతో నడిచింది.

విజయ చుట్టూ తిప్పి అడగలేదు. ఈ ఏడాది ఆయన గుట్ట ఎక్కాడా లేదా అని అడిగింది.

"అవ్, ఎక్కిండు. మునుపటి లెక్క కొనదాక పోతలేకుండె. సగందాకనే. పెద్ద బండ మీద కూసుంటుండె. దిగొచ్చి నువ్వు కట్టిచ్చిన అన్నం ఈడ తింటుండె, మా పండ్లు చూస్తుండె."

"నాకు ఒట్టేసిండు."

"ఎరుకనే బిడ్డా. రా, చూపిస్త."

బాలమ్మ మమ్మల్ని చేను చివరికి తీసుకెళ్లింది. గుట్ట మొదలయ్యే చోట మట్టి గట్టు ఒకటి ఉంది. ఆ గట్టు మీద గుప్పెట్లో పట్టేంత రాళ్లు, ఒకదాని పక్కన ఒకటి వరసగా పెట్టి ఉన్నాయి. కొన్నిటి చుట్టూ గడ్డి మొలిచింది. వరస చాలా దూరం పోయింది.

ఒట్టు తీసి గట్టు మీద పెట్టు అనే మాట తెలుగువాళ్లకి చెప్పక్కర్లేదు. చిన్నప్పుడు మేం ఆ మాట అనేసి, ఒట్టు పోయిందని చేతులు దులుపుకునేవాళ్లం. నాకది మాటే. నిజంగా ఒట్టుని గట్టు దాకా మోసుకొచ్చి పెట్టినవాణ్ని నేను చూడలేదు.

"వచ్చుడు వచ్చుడే ఒక రాయి ఏరి గీడ పెడుతుండె," అంది బాలమ్మ. "ఏంది సార్ గిది అంటే, మా ఇంటామె తల మీద ఒట్టేసిన, అది దింపకుండ ఎక్కితే ఆమెకు తగుల్తది, అనేటోడు. ఒక్కపారి పెట్టినవ్ గద, చాలదా అన్న. లేదు బాలమ్మా, ఇంటికి పోయినంక మళ్ల ఒట్టు ఒట్టే, వచ్చే వారం మళ్ల దింపాలె, అన్నడు. నేను నవ్విన. ఆయన నవ్వలే."

విజయ రాళ్లు లెక్కపెట్టడం మొదలుపెట్టి మధ్యలో ఆపేసింది. గట్టు మీద కూర్చుంది. యాదగిరి దేవుడికి దండం పెట్టేవాడు కాదు. అమావాస్య రోజే క్లినిక్ తెరిచినవాడు. పిల్లి ఎదురైతే దానికి దారిచ్చి, నమస్తే చెప్పి ముందుకు నడిచేవాడు. అలాంటివాడు, తను నమ్మని ఒట్టు దాన్ని నమ్మే మనిషికి తగలకూడదని ఏడాది పొడుగునా రాళ్లు పేర్చాడు. నాకు ఏడుపొచ్చింది, అది చెప్పుకోవడానికి సిగ్గేం లేదు.

విజయ ఏడవలేదు. మొదట కోప్పడింది. గుండె బాగలేనోనివి, సగందాక గూడ ఎందుకు ఎక్కినవ్ అని గుట్ట వైపు చూసి గట్టిగానే తిట్టింది. డబ్బా కడుక్కుని తెచ్చి ఇంట్లో నా ముందర పెడితివి కదా, దొంగ ముఖపోడా అంది. బాలమ్మ, నేను అడ్డు రాలేదు. తిట్లు అయ్యాక నన్ను అడిగింది, అలా ఎక్కడం వల్లే పోయాడా అని. డాక్టరుగా నాకు తెలిసింది చెప్పాను. మెల్లగా నడవడం, కాస్త ఎత్తు ఎక్కడం ఆ గుండెకి చెరుపు చెయ్యవు, అతని రిపోర్టులు ఫోన్లో నాకు చదివి వినిపించాడు, పెద్ద డాక్టర్లు బరువులెత్తొద్దన్నారు గానీ నడవొద్దనలేదు. ఎక్కినా ఎక్కకపోయినా ఆ పొద్దున అది జరిగేదే. ఆమె అంతా విని, "అయితే నేను ఆపలే," అంది.

ఆపలేదు అన్నాను.

"నేను ఆపిన అనుకున్న. ఆయన ఆగనే లే." అప్పుడు నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే కళ్లనీళ్లు కారిపోయాయి. బాలమ్మ కొంగుతో తుడిచింది.

అక్కడే కందిచేను పక్కన బాలమ్మ మూట విప్పింది. జొన్నరొట్టె, ఎల్లిపాయ కారం, ఉల్లిగడ్డ. ఎల్లిపాయ కారం నాలుక మీద పెట్టుకోగానే నా చెవుల్లోంచి ఆవిరి వచ్చింది, మా ఆవకాయ ఎంత మెత్తనిదో అప్పుడు తెలిసింది. విజయ ఒక రొట్టె తిని, రెండోది అడిగి తీసుకుంది. బాలమ్మ తన మట్టుకు సగం రొట్టె దాచుకుంటే, అదీ అడిగింది.

తిన్నాక సగం గుట్ట ఎక్కాం. నేను రెండు చోట్ల చేతులూ కాళ్లూ వాడాను. యాదగిరి కూర్చునే బండ నున్నగా, ఇద్దరు పట్టేంత ఉంది. పైనుంచి మంచాల ఇళ్లు, చేలు, దూరంగా మట్టి తవ్విపోసిన కొత్త రోడ్డు, అక్కడక్కడా తెల్ల రాళ్ల చదరాలు కనిపించాయి. గాలి బాగా వీచింది. ఇక్కడ ఏం చేసేవాడు అని విజయ అడిగితే, ఏం చెయ్యకపోతుండె అని కింద చేలో బాలమ్మ నాతో అన్న మాటే నేనూ చెప్పాను. ఏం చెయ్యకుండా మేమూ కాసేపు కూర్చున్నాం. ఏదో పిట్ట అరిచింది. ఏ పిట్టో చెప్పగలిగినవాడు లేడు.

మళ్లీ ఇబ్రహీంపట్నం

నాలుగో రోజు నెల మాసికం. లక్ష్మయ్య కుటుంబం, దగ్గరి చుట్టాలు పొద్దున్నే వచ్చారు. మేడ మీద విస్తరి వేశారు. తలకాయ కూర, వేట మాంసం, గారెలు, కల్లు, సీతాఫలం. ఈసారి కాకి రావాలని ఎవరో తెల్లవారకముందే కోడిపేగులు కూడా పిట్టగోడ మీద పెట్టారు. అందరం చేతులు కట్టుకుని మెట్ల దగ్గర నిలబడ్డాం. కింద వంటింట్లోంచి కూర వాసన వస్తోంది. ఒకటే ఆకలి, మా వైపు ఇంత ఆలస్యంగా ఎవరూ పెట్టరు అని మనసులో గొణుక్కున్నాను.

కాకి వచ్చింది. పక్కింటి నీళ్ల ట్యాంకు మీద వాలి, మెడ వంచి విస్తరి చూసింది. పేగుల దగ్గరికి ఎగిరి ఒకటి ముక్కున కరుచుకుని వెళ్లిపోయింది. విస్తరి ముట్టలేదు. మళ్లీ వస్తుందని చూశాం. రాలేదు. ఆడవాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఒకరిద్దరు విజయ వైపు చూసి కళ్లు దించుకున్నారు. లక్ష్మయ్య రెండడుగులు ముందుకేసి, దండం పెట్టి, గొంతు సరిచేసుకున్నాడు.

"తమ్మీ, నీకేం మిగిలిందో ఎరుకనే. జర మనసుల పెట్టుకోకు..."

విజయ మెట్ల మీదినుంచి వచ్చి ఆయన చేతులు పట్టుకుని దించింది.

"ఏం మిగలలే బావా. ఆయనకు ఆకలైతలేదు. మీరు రాండ్రి, కూర చల్లారుతుంది."

ఎవరూ కదల్లేదు. పిట్ట ముట్టకుండా ఆ ఇంట్లో ఎవరూ తినడానికి కూర్చోరు. విజయ కిందికి దిగి, చాప పరిచి, విస్తళ్లు వేసి, అందరికంటే ముందు తనే కూర్చుని తలకాయ కూర వడ్డించుకుంది.